మలుపు దాటాక స్టీరింగ్ వెనక్కి రాలేదు

మలుపు దాటాక చేతి పట్టు కాస్త సడలిస్తే స్టీరింగ్ దానంతట అదే మధ్యకు వచ్చేస్తుంది. రోజూ జరిగేదే కాబట్టి దాన్ని మనం పట్టించుకోం. ఆ రోజు సాయంత్రం ఎడమకు తిరిగి ఎప్పటిలాగే చేతులు వదులు చేశాను. స్టీరింగ్ కదల్లేదు, తిప్పిన చోటే ఉండిపోయింది. బండి ఇంకా ఎడమకే పోతోంది. రెండు చేతులతో గట్టిగా లాగి దారిలోకి తెచ్చాను. వెనక సీట్లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్లకేమీ తెలియలేదు. నాకు మాత్రం ఇల్లు చేరేదాకా టెన్షన్ తగ్గలేదు.

మా నాన్న 26 ఏళ్లు లారీ నడిపారు. రాత్రి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. టైర్ల గురించి, ఆయిల్ గురించి ఏమీ అడగలేదు. "స్టీరింగ్ బాక్సు మీద స్క్రూ ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నారు.

ముట్టుకున్నారు. అంతకు రెండు నెలల ముందు స్టీరింగ్‌లో ఆట ఎక్కువైందని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. చక్రాలు కదలకుండానే స్టీరింగ్ నాలుగు వేళ్ల వెడల్పు అటూ ఇటూ ఊగేది. మాన్యువల్‌లో 30 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది. ఆయన బానెట్ ఎత్తి, బాక్సు మీదున్న లాక్ నట్టు వదులు చేసి, మధ్యలోని స్క్రూను బిగించి, "అయిపోయింది, చూసుకోండి" అన్నాడు. ఆట నిజంగానే తగ్గింది. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. పని మొత్తం అయిదు నిమిషాలు.

ఆ అయిదు నిమిషాల్లో జరిగిన తప్పేమిటో తెలియాలంటే బాక్సు లోపల ఏముంటుందో తెలియాలి. మా బండిది రీసర్క్యులేటింగ్ బాల్ రకం. లారీలు, బస్సులు, జీపుల వంటి బరువైన బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. స్టీరింగ్ రాడ్డు కింది కొసన వార్మ్ అనే మరల షాఫ్టు ఉంటుంది. దాని మీద నట్టు లాంటి ఒక ఇనుప దిమ్మ. రెండింటి గాడుల మధ్య ఉక్కు గోళీలు బారుగా నిండి ఉంటాయి. స్టీరింగ్ తిప్పితే గోళీలు గాడిలో దొర్లుకుంటూ పోయి, ఒక చివర చిన్న గొట్టంలోకి ఎక్కి, మళ్లీ మొదటికి చేరతాయి. దిమ్మ ముందుకో వెనక్కో జరుగుతుంది. దిమ్మ పక్కనున్న పళ్లు సెక్టర్ షాఫ్టు పళ్లను తిప్పుతాయి. ఆ షాఫ్టు కింది కొసకే డ్రాప్ ఆర్మ్ అనే ఇనుప చెయ్యి బిగించి ఉంటుంది. అక్కడి నుంచి ఆ కదలికను చక్రాల వైపు తీసుకెళ్లే కడ్డీ డ్రాగ్ లింక్, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ టై రాడ్, చివరికి చక్రాలు. మా బండిలో స్టీరింగ్ సుమారు 17 డిగ్రీలు తిరిగితే డ్రాప్ ఆర్మ్ ఒక డిగ్రీ కదులుతుంది. అంత బరువును చేత్తో తిప్పగలగడం అందుకే.

ఇప్పుడు ఆ స్క్రూ. అది సెక్టర్ షాఫ్టును పళ్లలోకి దగ్గరగా నొక్కుతుంది. ఈ పళ్ల పట్టు అన్ని చోట్లా ఒకేలా ఉండదు, ఉండకూడదు. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు పట్టు బాగా బిగుతుగా, పక్కలకు పోయేకొద్దీ కొంచెం వదులుగా ఉండేలా తయారుచేస్తారు. తిన్నటి రోడ్డు మీద బండి అటూ ఇటూ పోకుండా ఉండటానికి ఆ మధ్య బిగుతు, మలుపు తర్వాత స్టీరింగ్ తేలిగ్గా వెనక్కి రావడానికి ఆ పక్కల వదులు. మనం బండి నడిపేది ఎక్కువసేపు తిన్నగానే కాబట్టి అరిగేది కూడా మధ్య పళ్లే. అరిగిన మధ్యలో ఆట పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని పక్క పళ్లు ఒకదాన్నొకటి నొక్కేస్తాయి. ముందు చక్రాలు తిరిగే ఇరుసు కాస్త వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే కాస్టర్ కోణం అంటారు. చక్రాలను మధ్యకు లాగే దాని బలం ఆ బిగువు ముందు చాలదు. అందుకే ఆ సాయంత్రం స్టీరింగ్ తిప్పిన చోటే ఆగిపోయింది.

ఇదంతా నాన్న ఫోన్లోనే చెప్పారు. చివర్లో, "రేపు బండి తీయకు. ముందు ఆట ఎక్కడెక్కడుందో చూడు" అన్నారు.

ఆదివారం మా బావమరిది వచ్చాడు. వాణ్ని సీట్లో కూర్చోబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేయించి, చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, నేను టార్చి పట్టుకుని కిందికి దూరాను. బండి నేల మీదే ఉంది, జాకీ ఎత్తలేదు. చక్రాల మీద బరువు ఉంటేనే ఈ ఆట బయటపడుతుంది. "బావా, ఎంత తిప్పమంటావ్?" అన్నాడు. అటు రెండంగుళాలు, ఇటు రెండంగుళాలు, ఆపకుండా ఊపుతూ ఉండమన్నాను.

కింద పడుకుని చూస్తే స్టీరింగ్ కథంతా వరసగా కనిపిస్తుంది. పైన స్టీరింగ్ రాడ్డు జాయింటు తిరుగుతోందా, బాక్సులోకి పోయే షాఫ్టు దాంతోపాటే తిరుగుతోందా, షాఫ్టు తిరిగిన వెంటనే డ్రాప్ ఆర్మ్ కదులుతోందా, ఆర్మ్ కదిలితే డ్రాగ్ లింక్ కదులుతోందా, ఛాసిస్ మీద బాక్సే కదులుతోందా. ఒక్కో జాయింటు మీదా చెయ్యి వేసి చూశాను. డ్రాగ్ లింక్ చివరనున్న బాల్ జాయింటు (గిన్నెలో గుండులా తిరిగే కీలు) దగ్గర వేళ్లకు టక్ టక్ మని తగిలింది. ఆర్మ్ కదిలాక ఒక క్షణం ఆగి లింక్ కదులుతోంది. అంటే మొదటి నుంచీ ఉన్న ఆటలో సగం ఈ బాల్ జాయింటుది. దాన్ని ఎవరూ చూడలేదు. ఆ నేరం కూడా బాక్సు మీద వేసి స్క్రూ బిగించారు.

తర్వాత ముందు చక్రాలు రెండూ ఎత్తి స్టాండ్ల మీద నిలిపాం. డ్రాప్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింక్ విడదీసి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్‌ను ఒక్క వేలితో తిప్పాను. చక్రాలతో సంబంధం లేనప్పుడు మధ్యలో కాస్త బిగుతు తప్ప అది అంతటా మెత్తగా తిరగాలి. మధ్య దగ్గర బాగానే ఉంది. పక్కకు అర చుట్టు తిరిగేసరికి వేలికి బరువు తగిలింది. ఇంకా తిప్పితే గరగరమంది. స్క్రూను వెనక్కి వదులు చేసి చూశాను. బిగువు తగ్గింది కానీ గరగర పోలేదు, మధ్యలో ఆట మళ్లీ వచ్చింది. ఇంక బాక్సు మార్చక తప్పదని తేలిపోయింది. ఎవరైనా "బాక్సు పోయింది" అంటే ఈ రెండు పరీక్షలు అయ్యాకే నమ్మండి. చాలాసార్లు పోయేది బాల్ జాయింటు, లేదంటే ఛాసిస్ బోల్టు.

బాగుచేసి కొత్త బేరింగులు, సీళ్లు వేసిన బాక్సు ఒకటి తెచ్చుకున్నాను. పెట్టె తెరిచిన వెంటనే పాతదాని పక్కన పెట్టి పోల్చాను. బోల్టు రంధ్రాలు, పైపుల మరలు, సెక్టర్ షాఫ్టు లావు, దాని పళ్ల లెక్క. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. రెండూ నాలుగు చుట్లే. అది తేడా వస్తే మిగతావన్నీ సరిపోయినా ఆ బాక్సు మన బండిది కాదు.

పాతది దించేముందు చక్రాలు తిన్నగా పెట్టి, తాళంచెవి తీసేసి, స్టీరింగ్‌ను సీటు బెల్టుతో కదలకుండా కట్టేశాను. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో ఇది తప్పనిసరి. స్టీరింగ్ చక్రం కింద, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ అని చుట్టలా చుట్టిన పల్చటి వైరు పట్టీ ఉంటుంది. కింద రాడ్డు విడదీశాక ఎవరైనా స్టీరింగ్‌ను ఊరికే గిరగిరా తిప్పితే ఆ పట్టీ తెగిపోతుంది. పిల్లలు బండెక్కి ఆడుకునే ఇల్లు కాబట్టి తలుపులు కూడా లాక్ చేశాను.

తర్వాత తెల్ల పెయింటు, సన్న బ్రష్షు. రాడ్డు జాయింటుకూ షాఫ్టుకూ కలిపి ఒక గీత. డ్రాప్ ఆర్మ్‌కూ సెక్టర్ షాఫ్టుకూ కలిపి ఇంకో గీత. పైపుల్లో పవర్ స్టీరింగ్ పంపు నుంచి వచ్చే పైపుకు ఒక చుక్క. జాయింటు బిగించే బోల్టు షాఫ్టు మీదున్న గాడిలోంచి అడ్డంగా పోతుంది. దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీస్తేనే జాయింటు జారుతుంది. ఇది తెలియక సుత్తితో కొట్టేవాళ్లున్నారు.

డ్రాప్ ఆర్మ్ దగ్గర మాకు గంటన్నర పట్టింది. సన్నగా వాలుగా ఉన్న షాఫ్టు పళ్ల మీద అది ఏళ్ల తరబడి బిగుసుకుని ఉంటుంది. పెద్ద నట్టు వదిలింది గానీ ఆర్మ్ కదల్లేదు. బావమరిది సుత్తి అందుకున్నాడు. వద్దన్నాను. పాత బాక్సే కదా అని కొడితే, అలవాటు కొద్దీ కొత్తదాని మీదా కొడతాం. ఆ దెబ్బ షాఫ్టు గుండా గోళీలకు, గాడులకు తగులుతుంది. బిగుసుకున్నదాన్ని లాగి ఊడదీసే పుల్లర్ తగిలించి, నట్టును నాలుగు మరల మీద అలాగే ఉంచి, మెల్లగా బిగిస్తూ పోయాం. నూనె పోసి పది నిమిషాలు ఆగాం. మళ్లీ పావు చుట్టు. ఇనుము సన్నగా మూలిగినట్టు శబ్దం వస్తోంది, ఆర్మ్ మాత్రం అలాగే ఉంది. ఇంకో పావు చుట్టు. ఠప్పుమని తుపాకీ పేలినంత చప్పుడు చేసి ఊడింది, వచ్చి నట్టుకు తగిలి ఆగింది. నట్టు పూర్తిగా తీసేసి ఉంటే పుల్లర్‌తో సహా నా ముఖం మీదికి వచ్చేది.

బాక్సు బరువు 15 కిలోల దాకా ఉంటుంది. కింద ఒకరు పట్టుకోకుండా చివరి బోల్టు తీయకండి.

కొత్త బాక్సు ఎక్కించే ముందు దాని మధ్య ఎక్కడో పట్టుకోవాలి. షాఫ్టును ఒక చివర ఆగేదాకా మెల్లగా తిప్పి, అక్కడి నుంచి రెండో చివరకు లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. నాలుగు చుట్లు. అందులో సగం, రెండు చుట్లు వెనక్కి. అక్కడ కళ్లు మూసుకుని వేళ్లతో షాఫ్టును కొంచెం అటూ ఇటూ తిప్పి చూశాను. మెత్తగా వస్తూ వస్తూ ఒక్క చోట కొద్దిగా బరువెక్కింది, దాటగానే మళ్లీ తేలికైంది. చిన్న గట్టు ఎక్కి దిగినట్టు. ఫోన్లో నాన్న చెప్పిన మధ్య బిగుతు ఇదే. వేళ్లకు తెలిసేదాకా నాకు పూర్తిగా అర్థం కాలేదనే చెప్పాలి. బావమరిది చేతికిచ్చాను. వాడు రెండుసార్లు తిప్పి, "దొరికింది బావా" అన్నాడు.

ఆ మధ్యలోనే బాక్సు ఉంచి ఎక్కించాం. ఛాసిస్ బోల్టులన్నీ ముందు చేత్తో పట్టించి, తర్వాతే స్పానర్ పెట్టాం. డ్రాప్ ఆర్మ్‌ను పెయింటు గీత ప్రకారం ఎక్కించాం. దాని నట్టుకు మా మాన్యువల్‌లో 177 న్యూటన్ మీటర్లని ఉంది, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో అంతే బిగించాను. మీ బండిది మీ మాన్యువల్‌లో చూసుకోండి, చేతి అంచనా వద్దు. డ్రాగ్ లింక్‌కు కొత్త బాల్ జాయింటు వేశాం. అన్నీ అయ్యాక స్టీరింగ్ చక్రం కొంచెం వంకరగా ఉంటే దాన్ని ఊడదీసి తిన్నగా పెట్టాలనిపిస్తుంది. అలా పెడితే చూడటానికి బాగుంటుంది గానీ లోపల బాక్సు మధ్యలో ఉండదు. సరిచేయాల్సింది డ్రాగ్ లింక్ పొడవుని, దాని మీదున్న స్లీవ్ (మరలున్న గొట్టం) తిప్పి.

ఇంక ఆయిల్. మా బాక్సు పవర్ స్టీరింగ్, అంటే పంపు తోసే ఆయిల్ ఒత్తిడి స్టీరింగ్ తిప్పడానికి సాయం చేస్తుంది. పాత బాక్సు అరిగిన పొడి పైపుల్లో, ఆ ఆయిల్ నిలవుండే డబ్బాలో ఉంటుంది. దాన్నలాగే ఉంచి కొత్త బాక్సు కలిపితే పాతదాని రోగం కొత్తదానికి ఎక్కించినట్టే. డబ్బాకు తిరిగొచ్చే పైపు విప్పి ఒక సీసాలో పెట్టి, డబ్బా రంధ్రం మూసి, పైనుంచి కొత్త ఆయిల్ పోస్తూ, ఇంజిన్ ఆపి, గాల్లో ఉన్న చక్రాలను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పించాను. మొదట వచ్చింది నల్లటి ఆయిల్. సీసాలో అయస్కాంతం ముంచి తీస్తే దాని మీద బూడిద రంగు పూత. ఎర్రగా, శుభ్రంగా వచ్చేదాకా తిప్పించాం. ఏ ఆయిల్ పోయాలన్నది డబ్బా మూత మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది. రంగు చూసి ఏదో ఒకటి పోస్తే సీళ్లు పాడవుతాయి.

పైపు తిరిగి బిగించి, మళ్లీ ఇంజిన్ ఆన్ చేయకుండానే 20 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు. గాలి బుడగలు డబ్బాలోకి తేలి పగులుతూ కనిపిస్తాయి. తొందరపడి స్టార్ట్ చేస్తే పంపు గాలిని, ఆయిల్‌ను కలిపి చిలికేస్తుంది, ఆయిల్ తెల్లటి నురగ అవుతుంది. అప్పుడు ఆపేసి, నురగ చల్లారేదాకా ఊరుకోవడం తప్ప మార్గం లేదు. మేం ఓపిక పట్టాం. స్టార్ట్ చేశాక పంపు ఒక్క నిమిషం సన్నగా మూలిగి నిశ్శబ్దమైంది. కారుతోందేమో చూడటానికి అట్టముక్క వాడండి, ఇంజిన్ నడుస్తుండగా వేలు పెట్టకండి. ఆ పైపులో ఒత్తిడి టైరులో ఉండే గాలికి పదుల రెట్లు. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దిగిపోతుంది.

మర్నాడు వీల్ అలైన్‌మెంట్ చేయించాను.

పాత బాక్సును ఆ వారమే పాత పేపర్ల మీద పెట్టి విప్పాను. గోళీలు పళ్లెంలో రాల్చి లెక్కపెట్టాను, ఒక్కటీ తగ్గలేదు. కానీ మెరవాల్సినవి మసకబారి ఉన్నాయి. కడిగి వెలుతురులో తిప్పితే సెక్టర్ షాఫ్టు మధ్య పన్ను అద్దంలా నున్నగా అరిగి ఉంది. దాని పక్క పళ్ల మీద మాత్రం సూదితో పొడిచినట్టు గుంటలు. గోరు పెట్టి లాగితే పట్టుకుంటోంది. పైపొర లేచిపోతోంది. మధ్య పన్ను అరగడానికి ఏళ్లు పట్టింది. పక్క పళ్లకు ఆ గతి రెండు నెలల్లో పట్టింది. ఆ రోజు డ్రాగ్ లింక్ బాల్ జాయింటు ఒక్కటి మార్చి ఉంటే ఈ బాక్సు మరికొన్నేళ్లు హాయిగా పనిచేసేది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇప్పుడు నేను చేస్తున్నవి పెద్ద పనులేం కావు. నెలకోసారి డబ్బాలో ఆయిల్ మట్టం, దాని రంగు, వాసన చూస్తాను. మాడు వాసన వస్తే ఆయిల్ మార్చే సమయం వచ్చినట్టే. బాక్సు కింద సెక్టర్ షాఫ్టు సీలు దగ్గర తడి ఉందేమో గుడ్డతో తుడిచి చూస్తాను. మొదట కారేది అక్కడే. పార్కింగ్‌లో బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పడం మానేశాను, చక్రాలు కొంచెమైనా దొర్లుతుండగానే తిప్పుతాను. స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉండను. అలా ఉంచితే ఆయిల్ పోయే దారి లేక పంపు, ఆయిల్ రెండూ వేడెక్కిపోతాయి, అయిదు సెకన్లు దాటనివ్వను. ముందు టైర్లలో గాలి తగ్గనివ్వను. పవర్ లేని పాత బాక్సులున్న వాళ్లు పైనున్న ప్లగ్ విప్పి గేర్ ఆయిల్ మట్టం చూసుకుంటే చాలు. చాలామంది ఆ ప్లగ్ ఒకటుందనే మర్చిపోతారు. చిన్న కార్లలో బాక్సుకు బదులు ఉండే ర్యాక్ (పళ్లున్న పొడవాటి కడ్డీ) అయితే రెండు చివర్లా ఉన్న రబ్బరు బూట్లే దానికి ప్రాణం. అవి చిరిగితే నీళ్లు, దుమ్ము లోపలికి పోయి ర్యాక్ తుప్పు పడుతుంది. బూటు చిరిగిన రోజే మార్చుకుంటే ర్యాక్ దక్కుతుంది.

1,000 కిలోమీటర్లు తిరిగాక ఛాసిస్ బోల్టులన్నిటికీ మళ్లీ రెంచ్ పెట్టి చూశాను. ఒకటి కొద్దిగా కదిలింది. బిగించి దాని తల మీద కూడా తెల్ల గీత పెట్టాను. డ్రాప్ ఆర్మ్ నట్టు మీద గీత పెట్టినచోటే ఉంది.

పోయిన వారం నాన్న వచ్చారు. బండి తాళాలు అడిగి తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మలుపు దాకా నడిపారు. మలుపు తిరిగాక అరచేతులు వదులు చేశారు. స్టీరింగ్ వాటి కిందనుంచి జారుతూ మధ్యకొచ్చి ఆగింది. ఆయనేం అనలేదు. ఇంటికొచ్చాక, "పాత బాక్సు ఏం చేశావ్?" అని అడిగారు. అటక మీద గుడ్డలో చుట్టి పెట్టానన్నాను. దింపమన్నారు. కళ్లజోడు పెట్టుకుని, సెక్టర్ షాఫ్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పక్క పళ్ల మీద గోరు పెట్టి చాలాసేపు ఒక్కో గుంటా తడిమి చూశారు.